పాపకు ఆకలేసే టైమే మీ లంచ్ టైమ్

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే మాకొచ్చే ఉత్తరాల్లో బెంగళూరు ప్రయాణాల మాట పెరుగుతుంది. ఈసారి వాటిలో చాలావరకు చంటిపిల్లలతో హోటల్ భోజనం గురించే ఉన్నాయి కాబట్టి ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చేశాం. బెంగళూరులో కాపురముంటూ, ఇక్కడికొచ్చే చుట్టాల పిల్లల్ని హోటళ్లకు తిప్పుతూ తెలుసుకున్నవి, పిల్లల డాక్టర్లు చెప్పేవి కలిపి రాస్తున్నాను.

ప్రశ్న: మా పాపకు ఏడాదిన్నర. మే నెలలో అత్తయ్యగారు, మామయ్యగారితో కలిసి బెంగళూరు, మైసూరు వెళ్తున్నాం. ఇంట్లో పప్పన్నం, పెరుగన్నం బాగానే తింటుంది కానీ బయటికెళ్తే ఒక్క ముద్ద కూడా పెట్టనివ్వదు. ఈమధ్య ఓ పెళ్లికెళ్లి వస్తూ దారిలో హోటల్లో ఆగితే ప్లేటు కిందికి లాగేసి ఒకటే ఏడుపు. అందరూ మావైపే చూశారు. "ఇంకోసారి పిల్లనేసుకుని హోటల్‌కి రాకూడదు" అని అత్తయ్యగారు అప్పుడే అనేశారు. టూరంతా రూమ్‌లోనే కూర్చుని తినాలా? ఫోన్ చేతికివ్వకుండా హోటల్లో తినడం అసలు కుదురుతుందా?
ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: రూమ్‌లో కూర్చోవాల్సిన ఖర్మేమీ లేదమ్మా, హాయిగా బయటే తినండి. కాకపోతే మీ పాప గొడవ తిండితో కాదు, టైముతో అని నాకనిపిస్తోంది. ఇంట్లో పన్నెండింటికి తిని ఒంటిగంటకల్లా పడుకునే పిల్లకు టూర్‌లో ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. పొద్దున లాల్‌బాగ్ చూసి, అక్కణ్ణుంచి ట్రాఫిక్‌లో పడి ఇంకోచోటికి వెళ్లి, పెద్దవాళ్లకు ఆకలేసినప్పుడు, అంటే ఏ ఒకటిన్నరకో హోటల్ ముందు దిగి, పేరు రాయించి బయట బెంచీ మీద అరగంట కూర్చుని, లోపలికెళ్లి ఆర్డరిచ్చి అది వచ్చేదాకా ఆగితే రెండున్నర అవుతుంది. అప్పటికి పాప ఆకలి చచ్చిపోయి ఉంటుంది, నిద్ర ముంచుకొస్తుంటుంది, చుట్టూ తెలియని మొహాలు, గిన్నెల చప్పుడు. అంత అలసిపోయాక ఏ పిల్లయినా ప్లేటు లాగుతుంది.

అందుకని టూర్ ప్లాన్ వేసేటప్పుడే పాప భోజనం టైము ముందు రాసుకుని, చూడాల్సినవి దాని చుట్టూ సర్దండి. పన్నెండుకల్లా, వీలైతే ఇంకా కాస్త ముందే హోటల్ గుమ్మంలో ఉండండి. బెంగళూరులో అరిటాకు వేసి వడ్డించే ఆంధ్రా హోటళ్లు చాలా ఉన్నాయి. శని, ఆదివారాల్లో ఒంటిగంట దాటితే వాటి ముందు నిలబడే చోటుండదు, అదే మధ్యాహ్నం భోజనం మొదలవగానే వెళ్తే కోరిన టేబుల్ దొరుకుతుంది, అన్నం అప్పుడే వార్చి ఉంటుంది, వడ్డించేవాళ్లు కూడా విసుగు లేకుండా పాపను పలకరిస్తారు. "అంత తొందరగా మాకు ఆకలెక్కడ" అని పెద్దవాళ్లంటారు. పొద్దున టిఫిన్ ఎనిమిదికే కానిచ్చేస్తే పన్నెండుకు వాళ్లకూ ఆకలేస్తుంది. రాత్రి కూడా అంతే, ఏడింటికి తినేసి ఎనిమిదిన్నరకు రూమ్‌కి చేరిపోండి. నగరానికి ఈ మూల నుంచి ఆ మూలకు ఒక ఫలానా హోటల్ కోసం సాయంత్రం పూట పిల్లతో బయల్దేరడం మాత్రం వద్దే వద్దు. సిల్క్ బోర్డు దగ్గరో హెబ్బాళ దగ్గరో కారులో ఇరుక్కుని ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడం కంటే, బస చేసిన వీధిలో శుభ్రంగా కనిపించే మామూలు హోటల్లో ఇడ్లీ తినడం వెయ్యి రెట్లు నయం.

ఇక ఏ హోటల్ అన్నది. బెంగళూరు వచ్చేవాళ్లందరి దగ్గరా ఒక లిస్టు ఉంటుంది, అందులో పేరున్న పాత హోటళ్లుంటాయి. వెళ్లొద్దనను, కానీ పిల్లతో ఎక్కడ కూర్చోగలరో ముందే తెలుసుకోండి. ఇక్కడ దర్శినులని ఉంటాయి, 1980ల నుంచి ఊరంతా పెరిగిన పద్ధతి. టోకెన్ తీసుకుని, కౌంటర్‌లో ప్లేటందుకుని, ఎత్తుగా ఉండే బల్ల దగ్గర నిలబడి తినేయడమే. శంకరపురంలోని బ్రాహ్మిణ్స్ కాఫీ బార్‌లో ఇడ్లీ దూదిలా ఉంటుంది, కానీ కూర్చునే ఏర్పాటుండదు, సాంబారూ ఉండదు, చట్నీయే. పిల్లను చంకనేసుకుని ఒక చేత్తో వేడి కాఫీ, ఇంకో చేత్తో ప్లేటు పట్టుకోవడం ప్రమాదం. అక్కడ కావాలంటే మీ వారు పార్సిల్ కట్టించుకొస్తే పక్కనే కారులోనో పార్కులోనో కూర్చుని తినండి. గాంధీ బజార్‌లో 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్, మల్లేశ్వరంలో సీటీఆర్, లాల్‌బాగ్ రోడ్డులో 1924లో మొదలైన ఎంటీఆర్, వీటన్నిటిలో కూర్చోవచ్చు. కానీ సెలవు రోజు ఉదయం తొమ్మిదింటికి వెళ్తే క్యూ చూసి మీకే ఏడుపొస్తుంది. మామూలు పని దినం, తెల్లారగానే వెళ్లగలిగితే వెళ్లండి. చంటిపిల్లలు ఎలాగూ ఆరింటికే లేపేస్తారు కదా, ఆ పొద్దుటి టైముని ఇలా వాడుకోవచ్చు. రవ్వ ఇడ్లీ పుట్టింది ఎంటీఆర్‌లోనే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్కపోతే రవ్వతో చేశారట. మెత్తగా ఉంటుంది, పిల్లలు ఇష్టంగా తింటారు. పైన అద్దే జీడిపప్పు మాత్రం తీసేసి పెట్టండి.

టేబుల్ దగ్గర కూర్చోగానే పెద్దవాళ్లు మెనూ చూస్తుండగానే పాపకు కావలసింది చెప్పేయండి. "ముందు ఒక ప్లేటు ఇడ్లీ ఇచ్చేయండి, మిగతాది తర్వాత చెప్తాం" అంటే ఎవరూ కాదనరు. ఇడ్లీని ముక్కలు చేసి నెయ్యి రాసి పాప ముందే పెడితే తన చేత్తో తనే తింటుంది, కింద పోసినా సరే. ఇంటి దగ్గర మీరు ముద్దలు పెడుతున్నారు, బాగానే ఉంది. కొత్తచోట మాత్రం చేయి ఖాళీగా ఉంటేనే గోల మొదలవుతుంది, కాబట్టి చేతికి పని చెప్పాలి. ఆంధ్రా హోటల్లో పప్పులో పచ్చిమిర్చి గట్టిగానే పడుతుంది. అన్నంలో నెయ్యి ఎక్కువ వేసి, పైపైన పప్పు తేట కొంచెం కలిపి, మీరు ఒకసారి రుచి చూసి పెట్టండి. కర్ణాటక పద్ధతి హోటళ్లలో సాంబారు కాస్త తియ్యగా ఉంటుంది, బెల్లం వేస్తారు, మన పిల్లలకు చాలాసార్లు అది నచ్చుతుంది. పొంగలి మంచిదే, మిరియాలు ఏరేయాలి. బిసిబేళెబాత్ చూడ్డానికి మెత్తగా పప్పన్నంలా కనిపిస్తుంది కానీ మసాలా ఘాటు ఎక్కువ, ఏడాదిన్నర పిల్లకు వద్దు. చిత్రాన్నంలో పల్లీలుంటాయి, అదీ వద్దు. "మగూగె ఖార బేడ" అనండి, పాపకు కారం వద్దని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. "బిసి నీరు" అంటే వేడి నీళ్లిస్తారు. అయినా బెంగళూరు హోటళ్లలో తెలుగు తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు.

ఇంటి నుంచి ఉగ్గు పొడి తీసుకెళ్లడం మర్చిపోకండి. బియ్యం, పెసరపప్పు వేయించి పొడిచేసి డబ్బాలో పోసుకుంటే టూర్ అంతా నిలవుంటుంది. రూమ్‌లో కెటిల్ ఉంటే ముందు ఒకసారి నీళ్లు మరిగించి పారబోసి, మళ్లీ మరిగించిన నీళ్లు ఫ్లాస్కులో పోసుకోండి. పొడి మెత్తగా ఉండి, నీళ్లు సలసలా కాగుతూ ఉంటేనే అది ఉడికినట్టవుతుంది, గోరువెచ్చటి నీళ్లలో కలిపితే పచ్చి వాసనొస్తుంది, కడుపుకూ మంచిది కాదు. పాప హోటల్లో ఏమీ ముట్టకపోయినా రూమ్‌కెళ్లాక ఇది ఉందన్న ధైర్యంతోనే మీ సగం టెన్షన్ తగ్గుతుంది. మీ టెన్షన్ తగ్గితే పాపా కుదురుగా ఉంటుంది. ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదమ్మా, నీళ్లు, పాలు తాగుతూ ఆడుకుంటోందంటే బాగున్నట్టే. నోరు తెరిపించి కుక్కడం మాత్రం ఇంట్లోనూ వద్దు, హోటల్లో అసలే వద్దు.

కూర్చునే చోటు గురించి కాస్త గట్టిగానే చెబుతాను. వంటగది తలుపు దగ్గర, సర్వర్లు సాంబారు బకెట్లతో తిరిగే దారి పక్కన కూర్చోకండి, మూల టేబులో గోడ పక్క సీటో అడగండి. హై చైర్ ఇస్తే బెల్టు ఉందా, కాళ్లు కదులుతున్నాయా చూసి కూర్చోబెట్టండి, బెల్టు తెగిపోయిన కుర్చీ అయితే తిరిగిచ్చేసి ఒళ్లోనే పెట్టుకోండి. కాఫీ గ్లాసు, సాంబారు గిన్నె, రసం, ఏదైనా సరే, పాప చెయ్యి చాపితే అందనంత దూరంలో ఉండాలి. పిల్లను ఒళ్లో పెట్టుకుని వేడి కాఫీ తాగకూడదు, ఎంత అలవాటున్నవాళ్లయినా సరే. పొరపాటున మీద పడితే, అంటుకోకుండా ఉన్న బట్టలు తీసేసి, కొళాయి కింద మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాల పాటు పారనివ్వండి. ఐస్ పెట్టకూడదు, టూత్ పేస్టు, పసుపు, ఇంకు పూయకూడదు. బొబ్బలొచ్చినా, మొహం మీదో చేతుల మీదో పడినా ఆసుపత్రికి వెళ్లాలి.

ఫోన్ సంగతి. రెండేళ్లలోపు పిల్లలకు, దూరంగా ఉన్న అయినవాళ్లతో వీడియో కాల్ తప్ప, స్క్రీన్ వద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. నా అభిప్రాయమూ అదే. ఫోన్ చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిందో లేదో తెలియదు, రుచీ తెలియదు, రేపు ఇంట్లో కూడా అది లేకుండా నోరు తెరవదు. బదులుగా సంచిలో రెండు మూడు చిన్న వస్తువులు వేసుకోండి, హోటల్లో కూర్చున్నప్పుడు మాత్రమే బయటికి తీసేవి. స్టీలు గిన్నెలో చెంచా, మూత తీసి పెట్టే డబ్బా, బట్టతో కుట్టిన పుస్తకం, ఇవి చాలు. మైసూరు దారిలో చన్నపట్టణ తగులుతుంది, అక్కడి లక్క రంగుల చెక్క బొమ్మలు ప్రసిద్ధి, ఊడిపోయే చిన్న ముక్కలు లేనిది చూసి ఒకటి కొంటే టేబుల్ దగ్గర బాగా పనికొస్తుంది. ఆర్డర్ వచ్చేదాకా పాపను కుర్చీలో బిగించి ఉంచక్కర్లేదు కూడా. మీ వారు ఎత్తుకుని బయట చెట్టునో ఆవునో ఆటోనో చూపిస్తూ తిప్పి, ప్లేటు టేబుల్ మీదికొచ్చాకే లోపలికి తెస్తే సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో పాప ఏం తింటుందో ఉంది, అత్తయ్యగారు ఏమన్నారో ఉంది, మీరు ఏం తిన్నారో మాత్రం లేదు. అందరూ వేడివేడిగా తినేశాక, చల్లారిన సాంబారు, గట్టిపడిన దోసె మిగిలేది తల్లికే. ఇది సెలవు, మీకు కూడా సెలవే. బయల్దేరకముందే మీ వారితో మాట్లాడి వంతులు పెట్టుకోండి. మధ్యాహ్నం ఆయన ముందు పాపను చూసుకుంటే మీరు వేడిగా తినండి, రాత్రి మీరు చూసుకోండి. మామయ్యగారు ముందు తినడం పూర్తి చేస్తే ఆయన్నే ఎత్తుకోమనండి, తాతలకు అది ఇష్టమే. ఇద్దరి ఆర్డర్లూ ఒకేసారి రాకుండా కాస్త తేడాతో చెప్పండి. అత్తయ్యగారి విషయానికొస్తే, ఆవిడకు పిల్ల మీద కోపం లేదు, నలుగురిలో చిన్నతనమనిపించిందంతే. పాప ఏడుపు మొదలెట్టగానే ఒకరు ఎత్తుకుని బయటికి వెళ్తారని ముందే అనుకుంటే, ఎవరూ ఎవర్నీ చూసి మొహం ముడుచుకునే పని ఉండదు. ఇక పక్క టేబుళ్లవాళ్లు చూశారంటారా, వాళ్లలో చాలామంది పిల్లల్ని పెంచినవాళ్లే, రెండు నిమిషాల్లో మర్చిపోతారు.

మైసూరుకి కారులో వెళ్తుంటే ఇది గుర్తుంచుకోండి. 2023లో ప్రారంభమైన కొత్త ఎక్స్‌ప్రెస్ వే బిడది, రామనగర, చన్నపట్టణ, మద్దూరు, మండ్య ఊళ్ల బయటి నుంచే వెళ్లిపోతుంది. పాత రోడ్డులోలాగా ఎక్కడ పడితే అక్కడ హోటల్ కనిపించదు, ఆకలి అని పాప ఏడ్చాక వెతికితే ఎగ్జిట్ దాటిపోయి ఉంటుంది. ఎక్కడ దిగాలో బయల్దేరేటప్పుడే అనుకుని సర్వీస్ రోడ్డుకు వచ్చేయండి. బిడదిలో పళ్లెమంత వెడల్పున మెత్తగా ఉండే తట్టె ఇడ్లీ పిల్లలకు మహా సుఖం. మద్దూరు వడ కరకరలాడుతుంది, అది మీకు. ఇంకో మాట, మైసూరు జూ, బన్నేరుఘట్ట పార్కు రెండూ మంగళవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

ప్రశ్న: మా బాబుకి రెండేళ్లు నిండలేదు. ఎక్కడికెళ్లినా మా మామగారు వాడి నోట్లో ఏదో ఒకటి పెడతారు. ఫిల్టర్ కాఫీ చెంచాతో, మైసూరు పాకు, పల్లీల ఉండ, ద్రాక్షపళ్లు. వద్దంటే "మా పిల్లలు ఇలాగే పెరిగారు" అంటారు. వచ్చే నెల అందరం బెంగళూరు వెళ్తున్నాం. ఎలా చెప్పాలో తెలియట్లేదు.
ఒక కోడలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆయన పెట్టేవన్నీ ఒక రకం కాదు, అందుకని అన్నిటికీ ఒకేలా పోట్లాడొద్దు. కాఫీ వద్దు, అందులోని కెఫీన్ చిన్నపిల్లల నిద్ర పాడుచేస్తుంది, కాఫీ తిండిలోని ఇనుమును కూడా ఒంటికి సరిగా పట్టనివ్వదు. పంచదార కలిపినవి రెండేళ్లలోపు వద్దనే పిల్లల డాక్టర్లు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నారు. అయినా మైసూరు పాకు ముక్క ఒక్కసారి నాలుకకు తగిలితే కొంపలేమీ మునగవు. పల్లీలు, గుండ్రటి ద్రాక్షపళ్లు మాత్రం అలా కాదు. అవి గొంతులో అడ్డుపడితే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. నాలుగేళ్లు నిండేదాకా పల్లీలు, జీడిపప్పు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్ బిళ్లలు ముక్కలుగా అసలు ఇవ్వకూడదు. ద్రాక్షపండు ఇవ్వాలంటే గింజ తీసి నిలువుగా నాలుగు ముక్కలు కోయాలి. ఇక్కడ మాత్రం మొహమాటం పనికిరాదు.

చెప్పడం మీరు కాదు, మీ వారి చేత చెప్పించండి. అదీ హోటల్లో అందరి ముందు కాదు, బయల్దేరడానికి ముందు ఇంట్లో. "నాన్నా, డాక్టర్ గారు పల్లీలు, ద్రాక్ష అడ్డుపడతాయన్నారు, మీరే చూసుకోవాలి, ఎవరూ పెట్టకుండా" అని కొడుకు చెబితే ఆయన పెట్టడం మానడమే కాదు, ఇంకెవరు పెట్టబోయినా ఆపుతారు. పెట్టాలన్న ఆశ ఆయనకుంది, అది తీరే దారి చూపించాలి. మనవడికి ఇడ్లీ నెయ్యితో తినిపించే పని ఆయనకే అప్పగించండి, అరటిపండు ఆయన చేతే వలిపించండి.

అడ్డుపడితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పిల్లాడు గట్టిగా దగ్గుతున్నాడంటే దగ్గనివ్వండి, దగ్గే దాన్ని బయటికి తోస్తుంది. శబ్దం రాకుండా, దగ్గలేక, మొహం రంగు మారుతుంటే ఏడాది దాటిన పిల్లల్ని ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు చరచాలి. అప్పటికీ రాకపోతే వెనక నుంచి చేతులు చుట్టి బొడ్డుకు పైన, పక్కటెముకల కింద 5 సార్లు లోపలికి, పైకి నొక్కాలి. అది బయటపడేదాకా ఇలా మార్చి మార్చి చేస్తుండాలి. ఏడాదిలోపు పసివాళ్లకు పొట్ట నొక్కకూడదు, వాళ్లకు వీపు మీద చరచడం, రొమ్ము మధ్య నొక్కడం. లోపల ఉన్నది కనబడకుండా నోట్లో వేలు పెట్టి గెలకకండి, ఇంకా లోపలికి పోతుంది. ఒకరు ఇది చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఊరెళ్లే ముందు ఎవరైనా డాక్టరుతోనో నర్సుతోనో ఒకసారి చేయించుకుని చూస్తే చేతికి అలవాటవుతుంది.

ప్రశ్న: ఊరు మారితే చాలు మా పాపకు విరేచనాలు పట్టుకుంటాయి. ఈసారి బెంగళూరులో హోటల్ తిండి మాన్పించాలా? ఏ మందులు దగ్గర పెట్టుకోవాలి?
ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు: హోటల్ తిండి మొత్తం మాన్పించక్కర్లేదు, హోటల్లో ఏది పెడుతున్నారో చూసుకోండి. పొగలొస్తూ వచ్చింది చాలావరకు భయం లేనిది. గంటలుగా బయటుండే పచ్చి కొబ్బరి చట్నీ, కోసి పెట్టిన పళ్లు, ఐస్ వేసిన రసాలు, రోడ్డు పక్క పానీపూరీ, ఇవి చిన్నపిల్లలకు వద్దు. బఫేలో చాలాసేపటి నుంచి మూత తీసి ఉన్నవీ అంతే. నీళ్లు కాచినవో, సీలు తీయని బాటిలో. పాపకు తినిపించే ముందు మీ చేతులు, తన చేతులు సబ్బుతో కడగండి, శానిటైజర్ రాసేసి వదిలేయకండి. కింద పడిన చెంచా మళ్లీ నోట్లోకి వెళ్తుంది కదా, అందుకని ఇంటి నుంచి రెండు మూడు చెంచాలు తెచ్చుకోండి. సాయంత్రం వేళ వీవీ పురం తిండి బీది, అంటే తినుబండారాల వీధి, చూడాలని అందరికీ ఉంటుంది, కానీ అక్కడి జనంలో, మరిగే నూనె బాణళ్ల మధ్య పిల్లనెత్తుకుని తిరగడం కంటే పెద్దవాళ్లు ఇద్దరిద్దరుగా వెళ్లొస్తే మంచిది.

మందులంటే ముఖ్యమైనది ఓఆర్ఎస్ ప్యాకెట్. టెట్రా ప్యాక్‌లో తియ్యగా అమ్మేవన్నీ ఓఆర్ఎస్ కావు. చాలా వాటిలో పంచదార ఎక్కువ, అవి తాగితే విరేచనాలు పెరుగుతాయి. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ కొనండి, ఎన్ని నీళ్లలో కలపాలో దాని మీదే ఉంటుంది. పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు, దాన్ని చూడకుండా అందాజాగా కలపకూడదు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా, చెంచాతో మెల్లమెల్లగా తాగించండి. తల్లిపాలు ఆపొద్దు, అన్నం ఆపొద్దు, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు పెడుతూ ఉండండి. జింక్ మందు ఎంత మోతాదో మీ డాక్టర్నడిగి రాయించుకుని తీసుకెళ్లండి. పెద్దవాళ్లు వేసుకునే విరేచనాలు ఆపే మాత్రలు పిల్లలకు ముక్క చేసి కూడా వేయకూడదు.

ఆరేడు గంటలుగా మూత్రం పోయలేదన్నా, విరేచనంలో రక్తం కనిపించినా, తాగింది తాగినట్టు వాంతి చేసుకుంటున్నా, కళ్లు లోపలికి పోయి మగతగా పడి ఉన్నా టూర్ సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బస చేసిన చోటికి దగ్గర్లో పిల్లల ఆసుపత్రి ఏదో దిగిన రోజే రిసెప్షన్‌లో అడిగి ఫోన్‌లో పెట్టుకోండి.

ప్రశ్న: మేం బెంగళూరులోనే ఉంటాం. మా అక్కావాళ్లు కవల పిల్లలతో వస్తున్నారు, ఇద్దరికీ రెండేళ్లు. వాళ్లను మంచి హోటల్‌కి తీసుకెళ్లాలని నాకు చాలా ఆశ. అక్కేమో "ఇంట్లోనే వండుకుందాంలే" అంటోంది.
ఒక చెల్లెలు, వైట్‌ఫీల్డ్

జవాబు: అక్క మాటలో అలసట ఉంది, ఇద్దరు పిల్లల్ని ఏడాది పొడవునా బయట తిప్పి తిప్పి వచ్చిన అలసట. తీసుకెళ్లండి, కానీ ఒక్క పూటే, అదీ టిఫిన్‌కి. పొద్దున ఎనిమిదిలోపు పిల్లలు హుషారుగా ఉంటారు, టిఫిన్ త్వరగా వస్తుంది, నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత కబ్బన్ పార్కులో వదిలేస్తే మళ్లీ నిద్ర టైము దాకా పరిగెడుతూనే ఉంటారు. ఆదివారమైతే పార్కు లోపలి రోడ్లలో వాహనాలు తిరగవు, ఇంకా మంచిది. పెద్దవాళ్లతో కలిసి నింపాదిగా కూర్చోవాల్సిన పెద్ద హోటల్ ఉంటే, ఒక రాత్రి పిల్లల్ని మీ వారూ బావగారూ ఇంట్లో పడుకోబెడితే మీరిద్దరు అక్కాచెల్లెళ్లే వెళ్లి రండి. మీ అక్కకు అంతకంటే పెద్ద మర్యాద ఉండదు.

ప్రశ్న: హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అన్నదమ్ములం చిన్న ఆంధ్రా మెస్ నడుపుతున్నాం. సెలవుల్లో ఊళ్ల నుంచి కుటుంబాలొస్తాయి. పిల్లలు టేబుళ్ల మధ్య పరిగెడుతుంటే మా కుర్రాళ్లు వేడి బకెట్లతో నడవలేకపోతున్నారు. గట్టిగా చెప్తే నొచ్చుకుంటారు, చెప్పకపోతే ఎప్పుడేం జరుగుతుందోనని భయం.
ఒక హోటల్ యజమాని

జవాబు: మీరు రాసినందుకు చాలా సంతోషం, ఈ శీర్షికకు హోటల్ వైపు నుంచి ఎవరూ రాయరు. గట్టిగా చెప్పక్కర్లేదు, జాగ్రత్తగా చెప్పండి. "పిల్లాడు అల్లరి చేస్తున్నాడు" అంటే తల్లిదండ్రులకు కోపమొస్తుంది. "సాంబారు బకెట్ వస్తోందమ్మా, బాబు మీద పడుతుందేమో, కాస్త పట్టుకోండి" అంటే వాళ్లే లేచి పట్టుకుంటారు. ఆ మాట కుర్రాడి చేత కాకుండా మీరే వెళ్లి చెబితే ఇంకా బాగుంటుంది. సెలవులు ఉన్నన్నాళ్లు వంటగది దారికి దూరంగా, గోడవైపు ఉన్న రెండు టేబుళ్లు చంటిపిల్లలున్నవాళ్లకే ఇవ్వండి.

ఎక్కువమంది పిల్లలు పరిగెత్తేది ఆర్డర్ వచ్చేలోపే. చిన్న గిన్నెలో కొంచెం వేడన్నం, నెయ్యి, కారం పడని ముద్దపప్పు ఒక నిమిషంలో టేబుల్ మీద పెట్టేయగలిగితే పిల్లాడు కూర్చుంటాడు. పొద్దున పప్పులో పోపు, మిర్చి వేయకముందే ఒక గిన్నెడు పక్కకు తీసి వేడిగా ఉంచుకుంటే సరి. దానికి డబ్బు తీసుకోండి, కుటుంబాలు సంతోషంగా ఇస్తాయి, మెనూలో రాసి పెట్టినా మంచిదే. ఊరు కాని ఊర్లో పిల్లకు పప్పన్నం దొరికిందన్న మాట వాళ్ల చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో మీకు తెలియకుండానే తిరుగుతుంది. హై చైర్లు ఉంటే బెల్టులు నెలకోసారి చూడండి, తెగినవి బయట పెట్టేయండి. ఒక ఫ్లాస్కులో వేడి నీళ్లు ఎప్పుడూ ఉంచండి. చేతులు కడిగే చోట పిల్లల బట్టలు మార్చుకోవడానికి గోడకు ఒక బల్ల బిగిస్తే తల్లులకు చాలా ఉపకారం, దాన్ని ఆడవాళ్ల వైపే కాకుండా తండ్రులకూ అందేచోట పెట్టించండి.